అడగని పరీక్ష

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆర్డెల్ టాలివర్ ఎవరినీ ఏమీ అడగలేదు. అయినా మంగళవారం పొద్దున కాలేజీలో ఆమె ఉత్తరాల గూట్లో ఒక మడత కాగితం ఉంది.

విప్పి చదివింది. మళ్ళీ చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకు నచ్చలేదు.

"మిసెస్ టాలివర్, టీచర్లు కాబోయేవాళ్ళంతా చదవాల్సిన ఈ సంగీతం కోర్సు మీకు అవసరం లేదనుకుంటున్నాను. శుక్రవారం పది గంటలకు వచ్చి పరీక్షలో పాడండి. నెగ్గితే ఇక క్లాసుకు రానక్కర్లేదు. ఇష్టమైతే గురువారం సాయంత్రంలోగా కింద సంతకం పెట్టి ఇవ్వండి." దాని కింద ప్రొఫెసర్ విన్‌షిప్ సంతకం ఉంది. ఆ కింద చిన్న అక్షరాల్లో కాలేజీ నియమం ఉంది. ఈ పరీక్ష ఒక్కసారే. తప్పితే ఒక కోర్సుకు బదులు రెండు చదవాలి. అంటే ఇంకో ఆరు నెలలు.

ఆర్డెల్‌కు నలభై ఏడేళ్ళు. ఊళ్ళో బడిలో ఒకటో తరగతి గదిలో పదిహేడేళ్ళుగా సహాయకురాలు. పిల్లల బూట్ల తాళ్ళు కట్టేది ఆమె, ముక్కులు తుడిచేది ఆమె, అక్షరాలు దిద్దించేదీ ఆమే. టీచరమ్మ అనిపించుకునేది మాత్రం ఇంకొకావిడ. ఆ ఇంకొకావిడ క్రిస్మస్‌తో పని మానేస్తోంది. బడి పెద్ద మిసెస్ హార్న్స్‌బీ ఆర్డెల్‌ను పిలిచి, "డిసెంబరుకల్లా నీ చదువు పూర్తయితే ఆ గది నీది. కాకపోతే నేను వేరేవాళ్ళను తీసుకోక తప్పదు" అని ఖరాఖండిగా చెప్పేసింది. ఆర్డెల్ చదువులో ఇక మిగిలినవి రెండే. ఒకటి బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పే శిక్షణ. రెండోది ఈ సంగీతం కోర్సు. రెండూ ఒకే వేళల్లో పడ్డాయి. కోర్సు నుంచి బయటపడితేనే శిక్షణకు పోగలదు, గది దక్కుతుంది.

అంటే సరిగ్గా ఆమెకు కావలసిందే, ఆమె అడక్కుండా, ఎవరో మడతపెట్టి గూట్లో పెట్టిపోయారు. ఆర్డెల్ ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి కూడా చూసింది.

సోమవారం క్లాసులో జరిగింది గుర్తు చేసుకుంది. ప్రొఫెసర్ బోర్డు మీద స్వరాలతో ఒక వరస రాసి "ఎవరు ప్రయత్నిస్తారు?" అంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలంతా తమ బూట్లు ఎప్పుడూ చూడనట్టు వాటినే చూడసాగారు. ఒక వరస అలా పాడేవాళ్ళు లేక గోడ మీద నిలబడి ఉండటం ఆర్డెల్ చూడలేకపోయింది. వాళ్ళ చర్చి పుస్తకంలో స్వరాలకు ఆకారాలుంటాయి. ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చదరం, మి వజ్రం. ఆకారం చూస్తే పేరు తెలుస్తుంది, పేరు తెలిస్తే గొంతు తనంతట తానే అక్కడికి చేరుతుంది. ఏ పాటైనా ముందు ఆ పేర్లతో పాడి, ఆ తర్వాతే మాటలు పాడతారు. బోర్డు మీద స్వరాలు మాత్రం బుట్టలో గుడ్లలా అన్నీ ఒకేలా ఉన్నాయి. అయినా పాట ఎటు పోయినా చివరికి తిరిగొచ్చి ఆగే ఇంటిస్వరం ఎక్కడుందో పట్టుకుంది. చెయ్యి తనంతట తాను పైకీ కిందికీ తాళం కొట్టింది. గొంతు తెరిచింది.

అది మైకు లేని చర్చిలోంచి రోడ్డు దాకా వినబడటానికి తయారైన గొంతు. కిటికీ అద్దం అదిరింది.

"ఫా సోల్ లా అంట! బామ్మ ఏ దేశం నుంచి వచ్చిందిరా?" అన్నాడు వెనక కుర్రాడు. నలుగురైదుగురు నవ్వారు.

ప్రొఫెసర్ విన్‌షిప్ నవ్వలేదు. ముప్పై రెండేళ్ళుంటాయేమో, తెల్లగా, పీలగా ఉంటుంది. "మీకెవరు నేర్పారు?" అని అడిగింది.

"ఎవరూ నేర్పలేదు మేడమ్. మావాళ్ళు పాడతారు."

ఆవిడ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. మనం మాట్లాడుతుంటే రాసుకునేవాళ్ళను ఆర్డెల్ తన జీవితంలో ఇద్దరినే చూసింది. ఒకరు పోలీసు. ఇంకొకరు సంక్షేమ ఆఫీసు నుంచి వచ్చే అమ్మాయి. ఇద్దరూ మంచి కబురు తెచ్చిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం కాగితం పట్టుకుని జాఫెత్ మామయ్య ఇంటికి వెళ్ళింది. జాఫెత్ ఆర్డెల్ అమ్మకు అన్న. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ఆదివారం పాటల సభల్లో శ్రుతి ఇచ్చేది ఆయనే. పియానో ఉండదు, మరో వాద్యం ఉండదు. ఆయన కళ్ళు మూసుకుని "లా..." అని ఒక్క కూత తీస్తే వందమంది అక్కడ అందుకుంటారు. ఆయన కూతురు వెర్లీ కాలేజీ వంటింట్లో పనిచేస్తుంది. ఇద్దరూ వసారాలో కూర్చుని అలసంద కాయలు ఒలుస్తున్నారు.

"చదువు" అన్నాడు జాఫెత్. ఆర్డెల్ చదివింది.

"ఎవరీ విన్‌షిప్పు? ఏ ఊరు?"

"ఉత్తరాది నుంచి వచ్చిందట మామయ్యా. ఒహాయో."

"ఒహాయో" అన్నాడు ఆయన, అదేదో రోగం పేరైనట్టు. "నీకు సాయం చెయ్యాలని ఒహాయో నుంచి వచ్చిందా? గాలం వేసేవాడు వానపామును చేప మీద ప్రేమతో గుచ్చుతాడటే?"

"నాన్నా, మొదలుపెట్టకు" అంది వెర్లీ.

"నేను మొదలుపెట్టేదేముంది? ఎప్పుడో మొదలైంది." ఆయన ఆర్డెల్ వైపు తిరిగాడు. "ఆ పెట్టెవాడు వచ్చినప్పుడు పిల్లల బల్ల మీద కూర్చున్నావు నువ్వు, గుర్తులేదా?"

"నాకప్పుడు పాతికేళ్ళు మామయ్యా. పెళ్ళయి చంకలో బిడ్డ కూడా ఉంది."

"ఏదో ఒకటిలే. నల్ల చక్రాలు రెండు గిరగిరా తిరుగుతూ పాటలు పట్టుకునే పెట్టె. మూడు గంటలు పాడించాడు. మీ అమ్మ చేతి వేపుడు కోడి తిన్నాడు, రెండో ముక్క కూడా అడిగి తిన్నాడు. అందరికీ తలా ఒక కాపీ పంపుతానన్నాడు. ఇరవై రెండేళ్ళయింది. పాపం, ఆ పార్సిలు ఇంకా దారిలోనే ఉన్నట్టుంది."

వెర్లీ నవ్వు ఆపుకోలేక ఒడిలో గిన్నె పట్టుకుంది. "నీకు ఆ పెట్టె తప్ప ఇంకో కథ లేదా నాన్నా? ఏమే ఆర్డెల్, దేవుడు తలుపు తీస్తే గడప ఎత్తు కొలుస్తావేమే? వెళ్ళి పాడేసి రా. ఈ జిల్లాలో నీకంటే బాగా స్వరాలు చూసి పాడేవాళ్ళెవరు?"

"నువ్వు కాలేజీలోనే ఉంటావు కదా. ఆవిడ ఎలాంటిది?"

వెర్లీ నవ్వు కాస్త తగ్గింది. "మనిషి నెమ్మదే. ట్రే తిరిగి ఇచ్చేటప్పుడు థాంక్యూ అంటుంది." ఒక కాయ ఒలిచి, గింజలు రాల్చి, "కాకపోతే ఆ పరీక్షలో ఆరేళ్ళలో నెగ్గింది ఒక్కడే. అదీ ఎవరో పియానో టీచరు కొడుకట. మిగతావాళ్ళంతా తప్పి, రెండేసి కోర్సులు చదువుతున్నారు" అంది.

"చూశావా?" అన్నాడు జాఫెత్.

"ఇంకో మాట. ఆవిడ గదిలో టేబుల్ మీద టేపురికార్డరు ఉంటుంది."

జాఫెత్ వాదన నెగ్గినవాడిలా అలసందలు ఒలుచుకున్నాడు.

రాత్రి ఆర్డెల్ మంచం మీద పడుకుని ఆలోచించింది. నిజంగా మంచి మనసుతో ఇచ్చిందే అయితే సోమవారమే క్లాసులో అందరి ముందూ ఎందుకు చెప్పలేదు? గూట్లో ఎందుకు పెట్టింది? పరీక్షలో తప్పేలా చేసి, రెండు కోర్సులు చదివించి, ఏడాది పాటు తన చేతికింద పెట్టుకుని, చివరికి "మీవాళ్ళ పాటలు రికార్డు చేసుకుంటాను, మీ మామయ్యకు చెప్పండి" అంటుందా? లేక ముసలిదాని గొంతు క్లాసులో వినలేక వదిలించుకుంటోందా? ఏదైతేనేం, తేల్చుకోవాల్సిందేననుకుంది.

బుధవారం క్లాసయ్యాక ప్రొఫెసర్ గదికి వెళ్ళింది. తలుపు తీసి ఉంది. టేబుల్ మీద టేపురికార్డరు ఉంది, వెర్లీ చెప్పినట్టే.

"కూర్చోండి మిసెస్ టాలివర్."

"పర్లేదు, నిలబడతాను. మేడమ్, నన్నెందుకు వద్దంటున్నారు?"

"వద్దనడం లేదు. ఆ కోర్సులో నేను చెప్పేదంతా మీకు ముందే వచ్చు. పదహారు వారాలు ఊరికే కూర్చోవడం ఎందుకు?"

"కూర్చుంటే ఎవరికి నష్టం?"

జవాబు చెప్పే ముందు ఆవిడ కళ్ళు కిటికీ వైపు పోయాయి. ఒకటో తరగతి పిల్లలకు కూడా అబద్ధం చెప్పే ముందు కళ్ళు సరిగ్గా అటే పోతాయి. పదిహేడేళ్ళుగా చూస్తున్న ఆర్డెల్‌కు ఆ చూపు కొత్త కాదు.

"నష్టమని కాదు" అంది విన్‌షిప్. "మీ సమయం వృథా అవుతుందని. సరే, వచ్చారు కదా, రెండు మూడు వరసలు పాడి చూపిస్తారా? పరీక్ష ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది."

"ఆ పెట్టె ఆడుతోందా?"

"ఏది? ఇదా? లేదు లేదు." ఆవిడ ప్లగ్గు తీసి, తీగ చేత్తో ఎత్తి చూపించింది. అడగ్గానే అంత తొందరగా చూపించడం కూడా ఆర్డెల్‌కు నచ్చలేదు.

మొదటి రెండు వరసలూ మంచినీళ్ళు తాగినట్టు పాడేసింది. మూడోది మైనర్ వరస. దిగులు వరస. ఇలాంటివంటే ఆర్డెల్‌కు ప్రాణం. వాళ్ళ సభలో సగం పాటలు ఈ దిగులులోనే నడుస్తాయి, చావుకీ ఇవే, పెళ్ళిలో భోజనాల తర్వాతా ఇవే. కళ్ళు సగం మూసుకుని పాడింది.

ప్రొఫెసర్ పెన్సిల్ ఆగింది. "ఈ ముక్క మళ్ళీ పాడండి."

పాడింది.

"ఇదిగో, ఈ ఆరో మెట్టు దగ్గర. మీరు పాడింది కాగితం మీద లేదు. కాగితం మీద అరమెట్టు కింద ఉంది." పియానో మీద వాయించి చూపించింది. ఆర్డెల్ చెవికి ఆ స్వరం, లేవబోయి మళ్ళీ కుర్చీలో కూలబడిన మనిషిలా వినిపించింది.

"అది అలా కాదు మేడమ్. అది పైకి పోతుంది."

"మీవాళ్ళు అలా పాడతారేమో, నాకు తెలుసు. అది తప్పని నేననను. కానీ శుక్రవారం మైనర్ వరసలు రెండు వస్తాయి. అయిదింటిలో నాలుగు సరిగ్గా రావాలి. నాతోపాటు డాక్టర్ గిల్లీ కూర్చుంటారు. పెద్దాయన. ఆయన కాగితం తప్ప ఇంకేమీ చూడరు. దయచేసి ఆ ఒక్క స్వరం దగ్గర రాసినట్టు పాడండి. ఆ ఒక్క రోజుకు."

"ఏం వస్తాయో ముందే చెప్పేస్తున్నారే?"

"ప్రతి పరీక్షలోనూ అవే వస్తాయి. అందరికీ తెలిసిందే."

"అందరికీ తెలిస్తే అందరూ ఎందుకు తప్పుతున్నారు?"

విన్‌షిప్ పియానో మీది కాగితాలు సర్దసాగింది. ఆర్డెల్ బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికొచ్చింది.

పాత ట్రక్కు నడుపుకుంటూ ఇంటికి వస్తున్నంతసేపూ అదే వరస పాడుకుంది. ఆరో మెట్టు దగ్గరకొచ్చి కిందికి దించాలని చూసింది. గొంతు మాట వినలేదు. రెండోసారి బలవంతాన దించింది. నోట్లో చేదుగా అనిపించింది. ఎందుకు దించాలి? మనిషిని ముంచాలనుకున్నవాడు ఏం చేస్తాడు? నీకు బాగా వచ్చిన దారి మానిపించి, రాని దారి చూపిస్తాడు. ఇంతకాలం ఎవరూ తప్పు అనని స్వరాన్ని పట్టుకుని, పరీక్షకు రెండు రోజుల ముందు మార్చమంటోంది. ఆ ఒక్కడూ ఎలా నెగ్గాడో ఎవరికి తెలుసు?

గురువారం మధ్యాహ్నం జాఫెత్ చర్చిలో ఉన్నాడు. ఆదివారం సభకు బల్లలు నాలుగు వైపులా చదరంగా జరుపుతున్నాడు. పాడేవాళ్ళంతా ఎదురెదురుగా కూర్చుంటారు, పాట నడిపేవాళ్ళు మధ్యలో నిలబడతారు. వినేవాళ్ళకంటూ వేరే చోటు ఉండదు.

"మామయ్యా, బల్ల నేను పట్టుకుంటాను, మీరు కూర్చోండి. ఒక్క సంగతి చెప్పండి."

"పట్టు. జరుపుతూనే అడుగు."

"మైనర్ వరసలో ఆరో మెట్టు. మన పుస్తకంలో అది ఎక్కడుంది?"

జాఫెత్ జేబులోంచి కళ్ళజోడు తీసి, అడ్డంగా పొడవుగా ఉండే ఆ పుస్తకాన్ని తెరిచాడు. వేలితో గీత గీతా వెతికాడు. "కిందే ఉంది" అన్నాడు.

"మరి మనం పాడేది?"

"పైన."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మా తాత పైన పాడాడు. పుస్తకం అచ్చు వేసినవాడు ఎక్కడో ఉన్నాడు, నేను చూడలేదు. మా తాతను చూశాను. ఇదిగో ఈ మూల కూర్చునేవాడు."

"అయితే పైనదే కదా ఒప్పు?"

"ఈ నాలుగు బల్లల మధ్య నిలబడి కింద పాడి చూడు. మీ పెద్దమ్మలు ఎలా చూస్తారో నీకే తెలుస్తుంది." ఆయన పుస్తకం మూసి, బల్ల అంచు మీద దుమ్ము ఊదాడు. "ఏం, ఒహాయో మార్చమందా?"

"మార్చమంది."

"ఊఁ" అన్నాడు జాఫెత్. ఆయన ఊఁ అంటే ఆర్డెల్‌కు చాలు.

అక్కడే బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేసింది. ఆమె లెక్క ఆమెకు స్పష్టంగా ఉంది. పరీక్ష నుంచి పారిపోతే గది పోతుంది. ఆవిడ చెప్పినట్టు పాడితే ఆవిడ వలలో పడుతుంది. తనకు వచ్చినట్టు పాడితే ఎవరేం చేయగలరు? నాలుగున్నరకు కాలేజీ ఆఫీసులో కాగితం ఇచ్చేసి, అందినట్టు ముద్ర వేయించుకుని మరీ వచ్చింది.

శుక్రవారం పది గంటలకు చిన్న గదిలో ముగ్గురే ఉన్నారు. డాక్టర్ గిల్లీ నెరిసిన కనుబొమలతో, మెడకు బో కట్టుకుని, జేబు గడియారం తీసి ముందు పెట్టుకున్నాడు. విన్‌షిప్ ఆయన పక్కన కూర్చుంది. గదిలో ఏ పెట్టే లేదు. ఆర్డెల్ మూలలన్నీ చూసింది, టేబుల్ కింద కూడా.

మొదటి వరస అయింది. రెండోదీ అయింది. డాక్టర్ గిల్లీ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. మూడోది కాస్త వంకరగా గెంతులు వేసే వరస. దాన్నీ అదే ఊపులో పాడేసింది. ముసలాయన విన్‌షిప్ వైపు తిరిగి, "ఈవిడను ఎక్కడ పట్టారు?" అన్నాడు. పట్టారు అన్న మాట ఆర్డెల్ చెవిలో ముల్లులా దిగింది.

నాలుగోది మైనర్. ఆరో మెట్టు వచ్చింది. గొంతు పైకి పోయింది, పోనిచ్చింది. పెన్సిల్ గీరిన చప్పుడు వినబడింది.

అయిదోదీ మైనరే. మళ్ళీ అదే మెట్టు. మళ్ళీ పైకి. మళ్ళీ గీరిన చప్పుడు.

డాక్టర్ గిల్లీ కళ్ళజోడు తీశాడు. "అమ్మా, రెండు చోట్లా ఒకటే తప్పు చేశారు. చూసుకోలేదేమో. మీలా పాడేవాళ్ళను పంపించేయడం నాకిష్టం లేదు. చివరిది ఇంకొక్కసారి పాడండి. నిదానంగా, కాగితం చూసి."

విన్‌షిప్ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. కళ్ళతోనే బతిమాలుతోంది. కింద, కింద అంటున్నాయి ఆ కళ్ళు. ఆర్డెల్ ఆ కళ్ళను చూసింది. ఇద్దరూ కలిసి ఇంత గట్టిగా ఒకే వైపు తోస్తున్నారంటే అటు గొయ్యి ఉండే ఉంటుంది.

చెయ్యి పైకెత్తి తాళం పట్టింది. వరస మొదటి నుంచి చివరి దాకా పాడింది. ఆరో మెట్టు దగ్గర ఈసారి ఇంకాస్త గట్టిగా, ఏ అనుమానానికీ తావు లేకుండా, పైకి పాడింది.

డాక్టర్ గిల్లీ గడియారం జేబులో వేసుకున్నాడు. "అయిదుకు మూడు" అన్నాడు. "క్షమించండి." నిజంగానే బాధపడినట్టు తలుపు దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

వరండాలో విన్‌షిప్ ఆమె వెనకే పరుగులాంటి నడకతో వచ్చింది. "ఎందుకలా చేశారు? నేను చెప్పాను కదా! ఆ స్వరం ఒక్కటీ మార్చి ఉంటే..."

"మీరు చెప్పారనే మార్చలేదు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేను అబద్ధం చెప్పాననుకున్నారా?"

"మరి నన్నెందుకు పంపించాలనుకున్నారో చెప్పండి. కిటికీ వైపు చూడకుండా చెప్పండి."

విన్‌షిప్ కిటికీ వైపు చూడలేదు. నేల వైపు చూసింది. "సోమవారం మీరు పాడాక ఆ గదిలో ఇంకెవరూ నోరు తెరవలేదు. బుధవారం కూడా. గమనించారా? ఇరవై మంది పిల్లలు. గొంతు విప్పాలంటేనే సిగ్గుపడేవాళ్ళు. మీరు పాడాక వాళ్ళకు ఇంకా సిగ్గేసింది. మీరుంటే వాళ్ళు పాడరు. అందుకే మిమ్మల్ని దాటించేద్దామనుకున్నాను. మీకూ మంచిదే కదా, నాకూ మంచిదే అనుకున్నాను. ఆ మాట మీ ముఖం మీద చెప్పడానికి ధైర్యం చాలలేదు. కానీ ఆ స్వరం సంగతి మాత్రం నిజమే చెప్పాను."

ఆర్డెల్ బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంది. అంటే తను అనుకున్నది ఒప్పే. వదిలించుకోవాలనే చూసింది. వదిలించుకోవాలని నిజం చెప్పింది! మనిషి మనసులో సగం పసిగట్టి, ఆ సగంతోనే మొత్తం తెలిసిపోయిందనుకుంది తను. అదే ముంచింది.

"మా పాటలు ఆ పెట్టెలో పట్టుకోవాలని లేదా?"

"ఏ పెట్టె?" అంది విన్‌షిప్, నిజంగా అర్థంకాక.

మిసెస్ హార్న్స్‌బీ ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "అయ్యో ఆర్డెల్" అంది. "నీకోసమే చూశాను." జనవరికి మాంట్‌గొమరీ నుంచి ఒక అమ్మాయి వస్తుందని, ఇరవై మూడేళ్ళదని, మంచి పిల్లేనని చెప్పింది. ఆ పిల్లకు ఏ డ్రాయరులో ఏముందో చూపించాల్సింది ఆర్డెలే. ఫోన్ పెట్టేసి ఆర్డెల్ గోడకు నుదురు ఆనించింది.

సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. వెర్లీ ఆమెను చూసి ఏమీ అనకుండా మొక్కజొన్న రొట్టె, ఉడికించిన అలసందలు పళ్ళెంలో పెట్టి చేతికిచ్చింది. వెర్లీ ఏమీ అనకపోవడం ఆర్డెల్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"పైనే పాడావా?" అన్నాడు జాఫెత్.

"పైనే పాడాను మామయ్యా. మూడుసార్లు."

"వెర్రిదానా, కాగితం మీద కింద ఉందని నీకు తెలుసు కదే! కింద పాడాల్సింది."

ఆర్డెల్ పళ్ళెం పక్కన పెట్టేసింది. "మీరే కదా చెప్పింది! పైనదే ఒప్పని!"

"మన నాలుగు బల్లల మధ్య అన్నాను. అక్కడ బల్లలున్నాయా? మీ పెద్దమ్మలున్నారా? ప్రార్థనా అది? పరీక్ష. కాగితం వాళ్ళది, పెన్సిల్ వాళ్ళది. వాళ్ళకు కావలసినట్టు కూసేసి, నీ గది తీసుకుని ఇంటికి రావాలి గానీ! మనం ఏం పాడతామని అడిగావు, చెప్పాను. వాళ్ళకేం కావాలని నన్నెప్పుడడిగావు?"

"నాన్నా, ఇక చాలు" అంది వెర్లీ.

"మరి నిన్న ఊఁ అన్నారే!"

"ఊఁ అంటే ఊఁ. గొంతులో కఫం వచ్చినా ఊఁ అంటాను." ముసలాయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. గొంతు తగ్గించి, "నేను ఆవిడను నమ్మొద్దన్నానా? అన్నాను. అన్నానే. అది నా నోటి వాటం. నేను ఎవరిని నమ్మాను కనుక? నువ్వు నా నోరు పట్టుకుని పోతావనుకోలేదు. తిను. చల్లారిపోతోంది" అన్నాడు.

ఆర్డెల్ తిన్నది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

సోమవారం క్లాసుకు వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? ఇది పదహారు వారాలు, దీని తర్వాతది పదహారు వారాలు. అందరికంటే వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ప్రొఫెసర్ విన్‌షిప్ ఆమెను చూసి తల వంచి పలకరించింది. ఆర్డెల్ కూడా వంచింది. అంతే.

బోర్డు మీద ఒక వరస వచ్చింది. చిన్నది, తేలికైనది. "ఎవరు ప్రయత్నిస్తారు?"

బామ్మ అన్న కుర్రాడు పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. ఒకరిద్దరు తల తిప్పి ఆర్డెల్ వైపు చూశారు, ఎలాగూ ఆవిడే పాడేస్తుందన్నట్టు. వరస గోడ మీద ఒంటరిగా నిలబడి ఉంది. ఆర్డెల్ గొంతులో మొదటి స్వరం వచ్చి కూర్చుంది. పెదవులు బిగించి పట్టుకుంది. బిగించి పట్టుకోవడం పాడటం కంటే కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం.

ముందు వరసలో, పళ్ళకు తీగ కట్టించుకున్న ఒక పిల్ల మొదలుపెట్టింది. దోమ పాడినట్టుంది. రెండు అడుగులు వేసి, మూడో దగ్గర తప్పిపోయి ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మెడ దాకా ఎర్రబడి, ఎందుకో వెనక్కి తిరిగి ఆర్డెల్ వైపు చూసింది.

సాయమడుగుతోందా, ముసలావిడ నవ్వుతుందేమోనని చూస్తోందా? ఆర్డెల్‌కు అనుమానం రానే వచ్చింది. ఆ పిల్ల కళ్ళు ఎటూ పోలేదు, అక్కడే ఉన్నాయి.

అదేదో తర్వాత తేల్చుకుందాంలే అనుకుని, ఆర్డెల్ బల్ల మీది నుంచి చెయ్యి కాస్త పైకెత్తి, ఇంకా పైకి, ఇంకొంచెం, అని చూపించింది. ఆ పిల్ల గాలి పీల్చుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.